బొచ్చుకుక్క ముద్దే.. టీకా మరవొద్దు

తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో, తార్నాక వీధుల్లో పొద్దున్నే నడకకు వచ్చేవారి వెంట తెల్లని బొచ్చుకుక్కలు కనిపిస్తుంటాయి. మనవాళ్లు పొమేరియన్ అని పిలిచే వీటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివే. కోసు మూతి, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి వంగిన తోక వీటి గుర్తులు. చిన్న రకం 5 నుంచి 7 కిలోలు తూగుతుంది. అలికిడైతే చాలు మొరుగుతుంది. ఒంటరిగా వదిలితే దిగులు పడుతుంది.

పట్నంలో చూసి ముచ్చటపడి ఊరికి తెచ్చుకునేవారు వారానికి రెండు మూడుసార్లు బొచ్చు దువ్వాలి. ఎండలో కట్టేయరాదు. ఉల్లిపాయ, చాక్లెట్ పెట్టరాదు. మూడో నెలలో రేబిస్ టీకా, ఆపై పశువైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి.

‘ఇంటి కుక్కే కదా’ అని పిల్లలకు పడిన గాటును తేలిగ్గా తీసుకోవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.