ఇంటి ముస్తాబు వ్యాపారం: పద్దు, కాగితం, మర్యాద

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజులలో ఇల్లు అమ్మడమంటే నలుగురిలో తలవంపుగా ఉండేది గనుక ఆ మాట ఎత్తి ఉండరు. ఇప్పుడు కాలం మారింది. పిల్లలలో ఒకరు పూనాలోనూ, ఒకరు పరదేశంలోనూ స్థిరపడితే తాతలనాటి ఇంటిని అమ్మడమో, అద్దెకివ్వడమో తప్పడం లేదు. అట్టి ఇంటిని, చూడవచ్చినవారి కంటికి ఇంపుగా ఉండేట్లు సిద్ధంచేసి ఇచ్చే పనిని హోమ్ స్టేజింగ్ అంటున్నారు. మేము దానిని ఇంటి ముస్తాబు అంటున్నాము.

ఈ వృత్తికి పుట్టినిల్లు అమెరికా. సియాటిల్ ప్రాంతంలో ఇళ్ళ అమ్మకపు ఏజెంటుగా ఉండిన బార్బ్ ష్వార్జ్ అనే ఆమె 1972లో దీనికి పేరూ, రూపూ కల్పించినట్లు చెబుతారు. నాటకానికి రంగస్థలాన్ని అమర్చినట్లు, కొనేవారి కోసం ఇంటిని అమర్చాలన్నది ఆ పేరులోని భావం. మన దేశంలో బిల్డర్లు మాదిరి ఫ్లాటును అలంకరించి చూపడం అందరూ ఎరిగినదే. బెంగుళూరు, చెన్నై, ముంబయి వంటి నగరాలలో ఇప్పుడు విడి ఇళ్ళవారు కూడా ఈ పని చేయించుకుంటున్నారు.

ముగ్గు వేయడం, తోరణం కట్టడం, పేరంటానికి ఇల్లు సర్దడం మన స్త్రీలకు చేయి తిరిగిన విద్యలే. అందుచేత ఈ పనిలో దిగాలని ఉత్సాహపడే సోదరీమణులు మమ్ములను సలహా అడుగుతూ ఉంటారు. ఇల్లు సర్దడం వేరు, సర్దడాన్ని వ్యాపారంగా నడపడం వేరు అని మేము చెప్పే మొదటి మాట. ఆ తేడా మాకు నష్టపడిన మీదటనే తెలిసింది.

ఒక సందుగు పెట్టె కథ

పనిలో దిగిన కొత్తలో ఒక పాత ఇంటిని ఒప్పుకున్నాము. ఇంటి యజమాని నోటిమాటగా "పాతవన్నీ తీయించేయండి" అన్నారు. మేమూ తల ఊపాము. మా కూలీలు పెరటి గదిలోని విరిగిన కుర్చీలతోపాటు ఒక సందుగు పెట్టెను కూడా పాత సామాన్ల దుకాణానికి చేర్చారు. సాయంత్రం ఆ ఇంటి మామ్మగారు వచ్చి, "అమ్మాయ్! ఇల్లు పోతున్నదని నాకు దిగులు లేదు. ఆ పెట్టె నా పెళ్ళికి మా నాయన చేయించినది. అదేదీ?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే దుకాణానికి పరుగెత్తి, అమ్మిన ధరకు రెట్టింపు ఇచ్చి పెట్టెను తెచ్చాము. ఒక పిడి విరిగిపోయింది. మామ్మగారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆనాటినుంచి మేము పెట్టుకున్న నియమం ఇది. పని ఆరంభించే ముందు గదిగదికీ తిరిగి ఫొటోలు తీసుకోవాలి. ప్రతి వస్తువునూ మూడు వరుసల జాబితాలో ఎక్కించాలి: ఉంచవలసినవి, భద్రపరచవలసినవి, తీసివేయవలసినవి. మూడవ వరుస క్రింద యజమానితోపాటు ఇంట్లోని పెద్దవారి సంతకం కూడా ఉండాలి. కొనేవారు ఆ ఇంట్లో తమ కాపురాన్ని ఊహించుకోవడానికి గోడమీది కుటుంబ చిత్రాలు తీసివేయాలంటారు ఈ వృత్తివారు. మంచిదే. కాని దండ వేసిన పెద్దల పటాన్ని కూలీ చేత దింపించకూడదు. దేవుడి మందిరంలో చేయి పెట్టకూడదు. ఆ ఇంటివారినే, వారికి అనువైన రోజున తీయమని కోరాలి. ఒకరోజు ఆలస్యమైనా నష్టం లేదు.

నోటిమాట చాలదు

మనవాళ్ళే కదా అని కాగితం వ్రాసుకోకపోవడం రెండవ తప్పు. బంధువుల మధ్యనే కాగితం మరింత అవసరం. పని పేరు, రుసుము, సామాను ఎన్ని రోజులు ఉంచేది, ఆ గడువు దాటితే నెలకు ఎంత అద్దె, తాళంచెవి ఎవరి వద్ద ఉండేది, కరెంటు ఖర్చు ఎవరిది, వస్తువు పగిలితే ఎవరు భరించేది, ఇల్లు అమ్ముడుపోయాక ఎన్నాళ్ళలో సామాను తీసుకుపోయేది, ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ఇల్లు అమ్ముడుపోయిన తరువాత డబ్బు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అమ్మకం మన చేతిలో లేదు, పని మాత్రమే మనది. సగం ముందుగా, మిగతా సగం అమరిక పూర్తయిన రోజున పుచ్చుకోవడం ఉత్తమం.

ధర కట్టడంలో చాలామంది కూలి, లారీ బాడుగ మాత్రం లెక్కించి, సామాను అరుగుదలను మరచిపోతారు. ఒక సోఫా 30,000 రూపాయలకు కొన్నామనుకోండి. ఏడాదికి 5 ఇళ్ళ చొప్పున 3 ఏళ్ళు పనికివస్తే 15 ఇళ్ళు. అనగా ప్రతి ఇంటికీ 2,000 రూపాయలు ఆ సోఫా కిందనే పడాలి. గోడౌను అద్దె, గలీబుల ఉతుకు, మరమ్మతు, మన సొంత కష్టం దీనికి పైన. ఇంటి ఖర్చుల డబ్బుతో కలపకుండా వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరిస్తే, నెలాఖరుకు లాభమో నష్టమో కళ్ళకు కట్టినట్లు తెలుస్తుంది.

చెమ్మగోడ

అన్నిటికన్నా పెద్ద పరీక్ష వేరే ఉన్నది. ఒక పెద్దమనిషి మమ్మల్ని పిలిచి, పడకగది గోడకు పట్టిన చెమ్మ మీద రంగు వేయించి, దాని ముందు పెద్ద అలమారా నిలబెట్టమన్నారు. అవతల స్నానాలగది గొట్టం కారుతున్నది. పైన రంగు పూస్తే వాన కాలానికల్లా మళ్ళీ పొక్కులు లేస్తుంది. ముందుగా గొట్టం బాగుచేయించి, గోడ ఆరనిచ్చి, గార కొత్తగా వేయించమన్నాము. ఆయన ఒప్పుకోలేదు. ఆ పని మా చేయి జారిపోయింది. ఆ నెల మాకు నిజంగానే ఇబ్బందిగా గడిచింది.

అయినా చింత లేదు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు తెలిసి కూడా దాచకూడదని 1882నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతున్నది. మాదిరి ఫ్లాటులోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి బిల్డరు పరిహారం ఇవ్వాలని 2016నాటి రెరా చట్టం 12వ సెక్షన్ అంటున్నది. చట్టం అట్లుంచి, ఆ గోడ పక్కన రేపు ఒక పసిపిల్ల పడుకుంటుంది. ముస్తాబు అంటే ఉన్న అందాన్ని చూపడం, లేని ఆరోగ్యాన్ని నటించడం కాదు.

సర్కారు లెక్కలు

సేవల వ్యాపారం సాలుకు 20 లక్షల రూపాయలు దాటితే జి.ఎస్.టి. నమోదు తప్పదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోనూ, యానాంలోనూ హద్దు ఇదే. సామానుకు పుచ్చుకునే అద్దె కూడా ఈ లెక్కలోనికే వస్తుంది. చిన్న పరిశ్రమలకు 2020 జూలై నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం గనుక, దానికి రుసుము అడిగేవారి మాట వినవద్దు. అట్లు నమోదైనవారికి బిల్డరు వంటి ఖాతాదారు, ఒడంబడికలో ఏమి వ్రాసుకున్నా, 45 రోజులకు మించకుండా బాకీ తీర్చాలని 2006నాటి చట్టం నిర్దేశిస్తున్నది. ఇంకొక హెచ్చరిక: రెరాలో నమోదైన ప్రాజెక్టులో కొనేవారిని కూడా మనమే కుదిర్చి కమీషన్ పుచ్చుకుంటే అది ఏజెంటు పని అవుతుంది. అందుకు వేరే నమోదు కావాలి.

ఈ పనిలో పెట్టుబడి కంటె ముఖ్యమైనది నమ్మకం. మనం అడుగుపెట్టేది ఒక కుటుంబం వదలిపోతున్న గడపలోనికి. అక్కడ మన పద్దు సరిగా ఉండాలి, మాట మెత్తగా ఉండాలి. మామ్మగారి ఇల్లు అమ్ముడుపోయిన రోజున ఆమె ఆ పెట్టెను ఎక్కించుకుని కొడుకు ఇంటికి వెళ్ళారు. విరిగిన పిడికి బదులు మేము ఇత్తడి పిడి వేయించి ఇచ్చాము. తరువాత మాకు వచ్చిన రెండు ఇళ్ళ పని ఆమె నోటిమాట మీద వచ్చినదే.