ఒక్క లాగిన్ వెనక ఎన్ని లెక్కలో!

2016 అక్టోబరు 11, దసరా రోజు. తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, మండలాలు 459 నుంచి 584కు పెరిగాయి. అలా పుట్టిన 125 కొత్త మండలాల్లో నస్రుల్లాబాద్ ఒకటి. ముందు రోజు వరకు అది నిజామాబాద్ జిల్లా, బీర్కూర్ మండలంలో ఒక ఊరు. తెల్లారేసరికి కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవెన్యూ డివిజన్ కింద మండల కేంద్రం. ఊరు అంగుళం కూడా కదల్లేదు. చిరునామా మాత్రం మారిపోయింది.

కంప్యూటర్ల లాగిన్లు చూసుకునేవారికి ఇలాంటి మార్పు వస్తే గుండెల్లో రాయి పడుతుంది. పెద్ద ఆఫీసుల్లో, కాలేజీల్లో ఎవరి యూజర్‌నేమ్ ఏమిటి, ఏ సెక్షన్, ఏ ఫైళ్లు తెరవొచ్చు అన్నది ఒకచోట రాసిపెట్టే రిజిస్టరే డైరెక్టరీ. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం దీన్ని చెట్టులా గీసింది. పైన దేశం, కింద రాష్ట్రం, ఊరు, ఆఫీసు, చివరి కొమ్మన మనిషి. ఆ కొమ్మకు చేరే దారి మొత్తం కలిపితే ఆ మనిషి పూర్తి చిరునామా. ఆ దారిలో జిల్లా కూడా ఉంటే, దాని పేరు మారిందంటే కిందున్న ప్రతి ఒక్కరి చిరునామా మారినట్టే. మనిషిని చిరునామాతో గుర్తుపట్టే ప్రోగ్రాము ఉంటే, పాత ఉద్యోగి వెళ్లిపోయాడు, కొత్తవాడు చేరాడు అనుకుంటుంది. పాత ఖాతా తీసేసి కొత్తది తెరుస్తుంది. మెయిళ్లు, ఫైళ్లు పాతదాంట్లోనే చిక్కుకుపోతాయి.

డైరెక్టరీల సింక్ అంటే చాలామంది పాస్‌వర్డ్ కాపీ కావడం అనుకుంటారు. అసలు పని వేరు. ఈ రిజిస్టర్‌లో ఉన్న మనిషీ, ఆ రిజిస్టర్‌లో ఉన్న మనిషీ ఒక్కరేనని ఏ ఆధారంతో చెప్పాలో ముందు తేల్చుకోవాలి. అది తేలితే మిగతావన్నీ లెక్కలే.

రెండు రిజిస్టర్లు ఎందుకొచ్చాయి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్ కావాలి. పాత ల్యాబ్‌లలో చాలా పీసీలకు ఆ అర్హత లేదు. వాటిని మూలన పడేయలేక లినక్స్ ఎక్కిస్తున్నారు. మన దగ్గర ఆ దారి కొత్తదేం కాదు. తెలుగులో పనిచేసే గ్నూ/లినక్స్ కోసం హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచీ పాటుపడుతోంది. సీడాక్ 2007లో బాస్ లినక్స్ తెచ్చింది. చివరికి ఆఫీసు గదిలో విండోస్, ల్యాబ్‌లో ఉబుంటు అనే లినక్స్ ఉంటాయి. వాడేది మాత్రం అదే లెక్చరర్.

రెండింటి డైరెక్టరీలూ మాట్లాడే భాష ఒకటే, ఎల్‌డ్యాప్. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుని 1993లో ప్రమాణంగా వెలువడింది, 1997లో మూడో వెర్షన్ వచ్చింది. మామూలుగా 389 నంబరు పోర్టులో, గుప్తీకరించి పంపితే 636లో నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ 2000లో విండోస్ 2000తో వచ్చింది. లినక్స్ వైపు ఓపెన్ఎల్‌డ్యాప్, 389 డైరెక్టరీ సర్వర్, ఫ్రీఐపీఏ ఉన్నాయి. 2012 డిసెంబరులో వచ్చిన సాంబా 4.0తో లినక్స్ సర్వరే యాక్టివ్ డైరెక్టరీ పాత్ర పోషించగలుగుతోంది. భాష ఒకటే అయినా ఎవరి రిజిస్టర్ వారిదే, ఎవరి గడులు వారివే.

1001: ఒకే నంబరు, ఇద్దరు మనుషులు

లినక్స్‌కు పేరు పైపై ముచ్చటే. ఫైలు ఎవరిదో అది నంబరుతో రాసుకుంటుంది. ఉబుంటులో మొదటి యూజర్‌కు 1000, రెండోవారికి 1001 వస్తుంది. పది పీసీల్లో విడివిడిగా ఖాతాలు తెరిస్తే ఒకదాంట్లో 1001 లక్ష్మి, పక్కదాంట్లో 1001 రవి. ఇద్దరి ఫైళ్లూ ఒకే సర్వర్‌లో పెట్టి చూడండి, లక్ష్మి ప్రాజెక్టు ఫైలు రవి పేరున కనిపిస్తుంది. దొంగతనం జరగలేదు, నంబర్లు ఢీకొన్నాయంతే.

యాక్టివ్ డైరెక్టరీ ప్రతి ఖాతాకూ 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఇస్తుంది. పేరు మారినా, చెట్టులో జిల్లా మారినా అది మారదు. ఓపెన్ఎల్‌డ్యాప్ లాంటి వాటిలోనూ అలాంటి 128 బిట్ల సంఖ్య ఉంది. రెండు రిజిస్టర్లను ముడి వేయాల్సింది ఇక్కడే. దీంతోపాటు యాక్టివ్ డైరెక్టరీలో ఎస్ఐడీ అనే భద్రతా గుర్తింపు కూడా ఉంటుంది. లినక్స్‌లోని ఎస్ఎస్ఎస్‌డీ అనే సేవ దాన్నుంచి లెక్కగట్టి యూజర్ నంబరు తయారుచేస్తుంది. మామూలు సెట్టింగులో ఆ నంబర్లు 2,00,000 దగ్గర మొదలవుతాయి కాబట్టి పాత 1001తో పేచీ రాదు. అన్ని పీసీల్లో సెట్టింగు ఒకేలా ఉంటే అందరికీ ఒకే నంబరు వస్తుంది.

5, 13, 39: పేరుతో పెట్టుకుంటే

పేర్లతోనే ఖాతాలు కలిపేస్తే పోదా? మన మండలం పేరే చూడండి. సర్కారు కాగితాల్లో ఇంగ్లిషులో ఒకచోట ‘నస్రుల్లాబాద్’ అనీ, మరోచోట ‘నసురుల్లాబాద్’ అనీ పలికే స్పెల్లింగులు కనిపిస్తాయి. మనుషుల పేర్లలో ఈ తేడాలు ఇంకా ఎక్కువ. ఇంటిపేరు ముందా వెనకా, ‘లక్ష్మి’కి ఏ అక్షరాలు వాడాలి అన్నది రాసేవారి ఇష్టం.

పోనీ తెలుగులోనే రాద్దామంటే పొడవు అడ్డొస్తుంది. ‘నస్రుల్లాబాద్’ మనకు 5 అక్షరాలు: న, స్రు, ల్లా, బా, ద్. యూనికోడ్‌కు అవే 13 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 39 బైట్లు. లినక్స్ యూజర్‌నేమ్‌కు హద్దు 32. ఉబుంటులో ఖాతా తెరిచే ఆదేశమైతే మామూలుగా తెలుగు లిపిని అసలు ఒప్పుకోదు. యాక్టివ్ డైరెక్టరీలో పాత తరహా లాగిన్ పేరుకు హద్దు 20 అక్షరాలు. రెంటికీ సరిపోవాలంటే లాగిన్ పేరు చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, 20 లోపు ఉండాలి. తెరమీద కనిపించే పేరు మాత్రం నిక్షేపంగా తెలుగులో రాసుకోవచ్చు, ఎల్‌డ్యాప్ మూడో వెర్షన్‌కు యూటీఎఫ్-8 కొత్త కాదు.

1601, 1970: ఎవరి శకం వారిది

ఒక కోర్సు విద్యార్థుల ఖాతాలు 2026 మే 31న మూతపడాలనుకుందాం. లినక్స్ పద్ధతిలో ఆ తేదీ 20604. అంటే 1970 జనవరి 1 నుంచి అన్ని రోజులు. యాక్టివ్ డైరెక్టరీ 1601 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది, అదీ సెకనులో కోటోవంతు చొప్పున. అదే తేదీ అక్కడ 134246592000000000. రెండు శకాల మధ్య తేడా 11,64,44,73,600 సెకన్లు. సింక్ ప్రోగ్రాము ఈ మార్పిడి చేయకుండా అంకెను యథాతథంగా దించేస్తే, లినక్స్ 20604 యాక్టివ్ డైరెక్టరీకి 1601 జనవరి 1 కిందే లెక్క. క్లాసు క్లాసంతా ఒక్కసారిగా గడువు దాటిన ఖాతాలైపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. రెండు సంఖ్యలూ యూటీసీ కాలంలో ఉంటాయి. యూటీసీ అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారుజామున 5:30.

ఆ ఐదున్నర గంటలే ల్యాబ్‌లో మరోచోట దెబ్బ కొడతాయి. యాక్టివ్ డైరెక్టరీ, ఫ్రీఐపీఏ రెండూ లాగిన్‌ను కెర్బరోస్‌తో సరిచూస్తాయి. సర్వర్‌కూ పీసీకీ గడియారం తేడా 5 నిమిషాలు, అంటే 300 సెకన్లు దాటకూడదన్నది దాని మామూలు నియమం. ఒకే పీసీలో విండోస్, ఉబుంటు రెండూ వేసుంటే, మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, ఉబుంటు యూటీసీ అనుకుని చదువుతుంది. నెట్ ఉంటే ఉబుంటు సమయం సరిచేసుకుంటుంది. నెట్ లేకపోతే తేడా 19,800 సెకన్లు, హద్దుకు 66 రెట్లు. “పాస్‌వర్డ్ కరెక్టే సార్, లాగిన్ కావట్లేదు” అని పిల్లలు అంటే ముందు తెరమీద టైమ్ చూడాలి.

పాస్‌వర్డ్ ఎందుకు నేరుగా దూకదు?

సర్వర్ పాస్‌వర్డ్‌ను దాచుకోదు, దాని నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని ‘హ్యాష్’ను దాచుకుంటుంది. విండోస్ వాడేది పాత ఎండీ4 రకం హ్యాష్. లినక్స్ ప్రతి పాస్‌వర్డ్‌కూ వేరే ‘సాల్ట్’ కలిపి మరో పద్ధతిలో చేస్తుంది. ఒకదాన్నుంచి మరొకటి రాబట్టలేం. అందుకే 389 డైరెక్టరీ సర్వర్‌తో సింక్ చేసేటప్పుడు విండోస్ డొమైన్ కంట్రోలర్లన్నింటిలో, అంటే యాక్టివ్ డైరెక్టరీ సర్వర్లన్నింటిలో, ఒక చిన్న ప్రోగ్రాము పెడతారు. పాస్‌వర్డ్ మార్చుకున్న క్షణాన దాన్ని మామూలు రూపంలోనే పట్టుకుని అవతలికి పంపుతుంది. ఒక్క కంట్రోలర్‌లో పెట్టడం మరిచినా అక్కడ మార్చుకున్నవారి పాస్‌వర్డ్ అవతలికి చేరదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే మరో రెండు దారులున్నాయి. లినక్స్ పీసీలను నేరుగా యాక్టివ్ డైరెక్టరీలో చేర్చడం ఒకటి, ఒకదాని లాగిన్‌ను మరొకటి నమ్మేలా రెండు డైరెక్టరీల మధ్య ‘ట్రస్ట్’ పెట్టుకోవడం రెండోది. పాస్‌వర్డ్ ఒక్కచోటే ఉంటే కాపీ చేయాల్సిన పనే లేదు.

మూతపడటానికి మూడున్నర గంటలు

కొత్త ఖాతా ఆలస్యంగా వస్తే ఫోన్ చేసి అడుగుతారు. వెళ్లిపోయినవారి ఖాతా ఆలస్యంగా మూతపడితే ఎవరూ అడగరు. ప్రమాదం ఉన్నది రెండోదాంట్లోనే.

నస్రుల్లాబాద్‌లో ఒక సర్వర్, కామారెడ్డిలో ఒక సర్వర్, పైన క్లౌడ్‌లో మైక్రోసాఫ్ట్ వారి మరో డైరెక్టరీ ఎంట్రా ఐడీ ఉన్నాయనుకుందాం. వేర్వేరు సైట్లుగా పెడితే రెండు యాక్టివ్ డైరెక్టరీ సర్వర్ల మధ్య మార్పులు మామూలుగా 180 నిమిషాలకోసారి వెళ్తాయి, 15 నిమిషాల వరకు తగ్గించుకోవచ్చు. అక్కడి నుంచి ఎంట్రా సింక్ 30 నిమిషాలకోసారి. పాస్‌వర్డ్ మార్పులకు మాత్రం 2 నిమిషాల లెక్క. ఉదయం 10 గంటలకు నస్రుల్లాబాద్‌లో ఖాతా ఆపితే, అన్నీ నిదానంగా పడిన రోజున క్లౌడ్‌కు కబురు చేరేది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు.

కరెంటో నెట్టో పోతే లెక్క ఇంకా మారుతుంది. విండోస్ పీసీ చివరగా లాగిన్ అయిన 10 మందిని గుర్తుపెట్టుకుని, సర్వర్ అందకున్నా లోపలికి రానిస్తుంది. ఎస్ఎస్ఎస్‌డీలో ఈ సౌకర్యం మొదట ఆపివేసే ఉంటుంది. ఆన్ చేస్తే దాని గడువు సెట్టింగు 0. అక్కడ సున్నా అంటే గడువే లేదని.

తొందరపడి తీసేయడమూ ముప్పే. జిల్లా పేరు మార్పు లాంటి ఒక్క పొరపాటుతో వందల ఖాతాలు ఎగిరిపోకుండా ఎంట్రా సింక్ ఒకేసారి 500కు మించి తొలగింపులు వస్తే ఆగిపోతుంది. కానీ 300 మంది ఉన్న కాలేజీకి ఆ 500 ఏ రకంగానూ కాపలా కాదు. హద్దును మీ సంఖ్యకు తగ్గట్టు, 20కో 30కో దించుకోవాలి.

కాబట్టి సింక్ పెట్టే ముందు వెండర్‌ను అడగాల్సింది ఎన్ని ఖాతాలు కలుపుతారని కాదు. మూడే ప్రశ్నలు. మనిషిని ఏ నంబరుతో గుర్తుపడతారు? పేరు, హోదా, పాస్‌వర్డ్ ఒక్కోదానికి అసలు రిజిస్టర్ ఏది? ఒక ఖాతా ఆపితే చివరి పీసీలో ఎన్ని నిమిషాలకు ఆగుతుంది? మూడోదానికి జవాబు నోటితో చెబితే చాలదు. ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచి, ఆపి, గడియారం చూసి చెప్పమనండి.