'మాయాబజార్'లో ముగ్గురు ఫెయిలైనవాళ్లు!

తెలివి అంటే ఏమిటి? క్లాసులో ఫస్టు రావడమా? అడిగిన ప్రశ్నకి ఠక్కున జవాబు చెప్పడమా? లేక మొదటి ఆటకే వెళ్లి, ఇంటర్వెల్లో సోడా తాగుతూ "ఇది వంద రోజులు గ్యారంటీ", "ఇది వారం కూడా ఆడదు" అని తేల్చిపారెయ్యడమా?

మన ఇళ్లలో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున మార్కులు తెచ్చుకున్నవాడు తెలివైనవాడు, తప్పినవాడు మొద్దు. అంతే! ఆ ఒక్క మాటా నిజమేననుకుని గదిలో తలుపేసుకుని కుమిలిపోయే అబ్బాయిలు, అమ్మాయిలు ఎంతమందో! అందుకని ఈ వారం కాసేపు పరీక్షల గొడవ పక్కన పెట్టి, మనందరికీ తెలిసిన ఒక సినిమా దగ్గరికి వెళ్దాం.

'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదలైంది. 2010లో రంగులద్దుకుని మళ్లీ థియేటర్లకి వచ్చింది. మీ తాతగారు చూశారు, మీ నాన్నగారు చూశారు, మీరూ చూసే ఉంటారు. కృష్ణుడిగా ఎన్.టి. రామారావు, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు. ఆ వేషాల్లో ఇంకొకర్ని ఊహించుకోగలరా? కానీ తమాషా ఏమిటంటే, ఆ ముగ్గురూ అంతకు ముందు దెబ్బతిని వచ్చినవాళ్లే!

ప్రవరుడు జంషెడ్‌పూర్ వెళ్లాడు

ముందు రంగారావుగారి సంగతి. ఆయన బి.ఎస్సీ. చదివారు. ఫైర్ ఆఫీసరుగా చక్కని ఉద్యోగం. దాన్ని వదులుకుని సినిమాల్లోకి వచ్చారు. మొదటి చిత్రం 'వరూధిని'. అందులో ఆయనే ప్రవరుడు! మొదటి అడుగులోనే హీరో వేషం. కానీ సినిమా దెబ్బతింది, అవకాశాలు ఆగిపోయాయి. చేసేది లేక జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు.

కథ అక్కడితో అయిపోయి ఉండాల్సింది. అయిపోలేదు. ఆయన మళ్లీ మద్రాసు వచ్చారు. హీరో వేషం కోసం భీష్మించుకుని కూర్చోలేదు, చిన్న వేషాలు వేశారు. 1950లో విజయా వారి 'షావుకారు'లో సున్నం రంగడు, 1951లో 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు. ఇంకేముంది, ఆంధ్రదేశమంతా ఆయన పేరే!

ఈ వరుస ఒక్కసారి చూడండి. సుకుమారుడైన ప్రవరుడి వేషంలో ఆ భారీ విగ్రహానికీ, ఆ గంభీరమైన గొంతుకీ పనేముంది? రంగడికి, మాంత్రికుడికి మాత్రం అవే ప్రాణం పోశాయి. మనిషి అదే, గొంతు అదే. మారింది చోటు.

టేకు మీద టేకు

ఇక సావిత్రి. 1950లో 'సంసారం' చిత్రంలో ఆమెకి మంచి వేషమే దొరికింది. కానీ కెమెరా ముందు నిలబడేసరికి సంబరమూ కంగారూ కలిసిపోయి టేకు మీద టేకు! చివరికి ఆ వేషం పుష్పలతకి వెళ్లింది. సావిత్రికి మిగిలింది ఓ చిన్న పాత్ర. ఎదిగే వయసులో ఉన్న అమ్మాయికి అదెంత అవమానం!

మరుసటి ఏడు 'పాతాళ భైరవి'లో ఓ చిన్న నృత్యం. 1952లో 'పెళ్ళి చేసి చూడు'లో రెండో నాయిక. 1953లో 'దేవదాసు'లో పార్వతి. 1955లో 'మిస్సమ్మ'. మెట్టు మెట్టుగా ఎక్కింది చూశారా! ఒక్కో వేషంతో కెమెరా భయం ఒక్కో చారెడు కరిగిపోయింది.

ఆ తర్వాత 'మాయాబజార్'లో మాయాశశిరేఖ! ఒంటి మీద పెళ్లికూతురి అలంకారం, లోపల ఘటోత్కచుడు. సిగ్గుపడుతూ సిగ్గుపడుతూనే చప్పున రాక్షసుడి నడక, వెంటనే మళ్లీ ఆడపిల్ల. మొదట్లో టేకులకి బెదిరిన పిల్లేనా ఈవిడ అనిపించదూ?

కృష్ణుడు నప్పలేదు!

మూడోది అన్నిటికన్నా చిత్రమైనది. 1956లో వచ్చిన 'సొంత వూరు'లో రామారావుగారు కృష్ణుడుగా కాసేపు కనిపించారు. ప్రేక్షకులు మెచ్చలేదు. మరుసటి ఏడాది సినిమాకి మళ్లీ కృష్ణుడి వేషం అనేసరికి ఆయనే వెనకాడారు. వెనకాడరూ మరి? ఒకసారి కాలింది కదా!

పట్టుబట్టింది దర్శకుడు కె.వి. రెడ్డిగారు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. "రామారావు కృష్ణుడికి పనికిరాడు" అన్నది ఓ పెద్ద తీర్పు. అలా అనుకుంటే ఇక చెయ్యడానికేమీ ఉండదు, వేరే నటుణ్ణి వెతుక్కోవాల్సిందే. "ఏది నప్పలేదు?" అన్నది చిన్న ప్రశ్న. ఆ ప్రశ్న వేసుకుంటే చెయ్యడానికి బోలెడు పని దొరుకుతుంది. దుస్తులు, అలంకరణ, నిలబడే తీరు, చూసే చూపు... 'మాయాబజార్'లో వాటన్నిటి మీదా ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. ఫలితం? తెలుగువాడికి కృష్ణుడంటే ఆ ముఖమే! ఆ తర్వాత ఆయన ఎన్ని చిత్రాల్లో కృష్ణుడుగా కనిపించారో! 1977లో 'దానవీరశూరకర్ణ'కి తనే దర్శకత్వం వహిస్తూ కర్ణుడు, దుర్యోధనుడితో పాటు కృష్ణుడి వేషమూ తనే వేశారు.

నా మటుకు నాకు తెలివంటే అదే. దెబ్బ తగిలినప్పుడు పెద్ద తీర్పుని చిన్న ప్రశ్నగా మార్చుకోవడం.

రెడ్డిగారికి ఈ విద్య ఊరికే రాలేదు. ఆయన తీసిన 'యోగి వేమన' (1947) పేరు తెచ్చింది గానీ డబ్బు తేలేదు. ఆ తర్వాత 'గుణసుందరి కథ' (1949)తో జనాన్ని గెలుచుకున్నారు. 'మాయాబజార్'కి ముందుగానే రిహార్సల్సు చేయించి, స్టాప్‌వాచీ పట్టుకుని ఏ సీను ఎంతసేపో లెక్క చూసుకున్నారు. రిహార్సల్లో తప్పు జరిగితే పోయేది కాస్త సమయం. అదే తప్పు సెట్టు వేసి, లైట్లు వెలిగించి, ఫిల్ము తిరుగుతుండగా జరిగితే పోయేది డబ్బు. తప్పులెలాగూ తప్పవు కనక, చవగ్గా పోయే చోటే చేసెయ్యాలన్నమాట!

మరి ఆ తర్వాత?

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. కానీ నిజం కాస్త చేదుగా కూడా ఉంటుంది. అంతటి కె.వి. రెడ్డిగారికే 1965లో 'సత్య హరిశ్చంద్ర', 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' కలిసిరాలేదు. ఒకసారి నేర్చుకున్న పాఠం జన్మంతా కాపాడుతుందన్న పూచీ లేదు.

సావిత్రి సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. నటనలో అంత చురుకైన మనిషి, డబ్బు దగ్గర జాగ్రత్త పడలేకపోయింది. తను తీసిన తమిళ చిత్రం 'ప్రాప్తం' (1971) ఆమెని బాగా దెబ్బతీసింది. 1981 డిసెంబరు 26న, నెలల తరబడి కోమాలో ఉండి కన్నుమూసింది. కెమెరా ముందు తప్పు చేస్తే "వన్ మోర్" అనేవాళ్లుంటారు. బయట తప్పు చేస్తే అనేవాళ్లు తక్కువ. అనేవాళ్లున్నా వినిపించుకునే ఓపిక మనకుండాలి.

కాబట్టి తెలివి అన్నది బీరువాలో దాచుకునే మెడల్ లాంటిది కాదు. ఒక పనిలో ఉన్నది ఇంకో పనిలో ఉండకపోవచ్చు. నిన్న ఉన్నది రేపు ఉండకపోవచ్చు. రోజూ సాధన చెయ్యాల్సిందే.

మీలో ఎవరికైనా ఈ ఏడు పరీక్ష పోయిందా? ఇంటర్వ్యూ తప్పిందా? "నాకు తెలివి లేదు" అని తీర్పు చెప్పేసుకోకండి. కాయితం తీసుకుని చిన్న ప్రశ్నలు వెయ్యండి. ఏ పేపరు పోయింది? అందులో ఏ భాగం? చదవక పోయిందా, కంగారుపడి పోయిందా, అసలు మనకి నప్పని కోర్సులో చేరామా? సావిత్రిలాగా అలవాటుతో పోయే భయమా, రంగారావుగారిలాగా చోటు మారాలా, రామారావుగారిలాగా అదే వేషం ఇంకోలా వెయ్యాలా? ఒక్కరే తేల్చుకోలేకపోతే అక్కనో, మేష్టార్నో, మీ మంచి కోరే స్నేహితుణ్ణో పక్కన కూర్చోబెట్టుకోండి. రామారావుగారు వెనకాడినప్పుడు ఆయన పక్కనా ఒకరున్నారు!

ఈసారి టీవీలో 'మాయాబజార్' వస్తే, మీ తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆ ముగ్గురూ తెర మీదికి వచ్చినప్పుడల్లా వాళ్ల మొదటి దెబ్బ సంగతి వాడికి చెప్పండి. వాడి పరీక్షలకి ముందే చెబితే మరీ మంచిది!