పాత నాదము – నూతన ప్రతి

లివర్‌పూల్ నగరమునకు చెందిన ఎకో అండ్ ది బన్నీమెన్ అను రాక్ బృందము 1984లో ‘ఓషన్ రెయిన్’ అను ఆల్బమును వెలువరించెను. పారిస్‌లో 35 మంది వాద్యకారుల ఆర్కెస్ట్రాను తమ గిటార్లకు జోడించుకొనిరి. పీట్ డి ఫ్రేటస్ పలుచోట్ల కర్రలను విడిచి బ్రష్షులతో డ్రమ్ములను మృదువుగా వాయించుటచే వయొలిన్ల నాదమునకు చోటు దొరకినది. ఆయన 1989లో మోటారు సైకిల్ ప్రమాదమున మరణించెను.

2003లో ఈ ఆల్బమును రీమాస్టర్ చేసిరి. రీమాస్టర్ అనగా మరల వాయించుట కాదు. మూల టేపులోని ధ్వనుల హెచ్చుతగ్గులను సరిచేసి నూతన ప్రతిని సిద్ధపరచుట. ప్రాచీన కావ్యమును పరిష్కరించు పండితుడు అందు తన పద్యమును చేర్చడు గదా! వాయించిన చేయి తిరిగి రాదు కనుక ఇచట సంయమనమే ధర్మమని మేము భావింతుము. విద్యార్థులు దీనిని వినునపుడు ముందుగా ఆ బ్రష్షుల సవ్వడిని ఆలకింపవలెనని మా మనవి.