చుక్కల గీత

దరఖాస్తు పత్రములో పేరు వ్రాయుచోట ఒక చుక్కల గీత యుండును. దానిని ఎవరును శ్రద్ధగా చూడరు. దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల డి.టి.పి. దుకాణములలో రేపు పనికి కుదురుకొనదలచిన విద్యార్థి మాత్రము దానిని చూడవలెనని మా అభిప్రాయము. ఫుల్‌స్టాప్ కీని నొక్కిపట్టి చుక్కలు నింపుట కొందరికి అలవాటు. అక్షరపు సైజు మార్చగానే ఆ వరుస చెదరును.

ఫోటోషాప్‌లో బ్రష్ గీయునది నిజమునకు గీత కాదు. ఒకే ముద్రను వెంటవెంట వేయుచు పోవుటయే దాని పని. ముద్రకును ముద్రకును నడిమి దూరమును స్పేసింగ్ అందురు. దీనిని బ్రష్ వ్యాసములో ఇన్ని శాతములని లెక్కింతురు. సాధారణముగా అది 25 శాతముండుటచే ముద్రలు ఒకదానిపై నొకటి పడి గీతవలె తోచును. 100 శాతమైనచో గుండ్రని చుక్కలు ఒకదాని నొకటి తాకుచుండును. 200 చేసినచో రెండు చుక్కల నడుమ సరిగా ఒక చుక్కంత ఖాళీ మిగులును.

చుక్కయే కొలత యగుట మనకు క్రొత్త గాదు. క్రీ.శ. 940లో మరణించిన బాగ్దాదు మంత్రి ఇబ్న్ ముఖ్లా, కలము మొనతో పడు నుఖ్తానే అక్షరములకు కొలమానముగా గైకొనెను. నేటికిని ఖుష్‌నవీసులు అలిఫ్ ఎత్తును చుక్కలతోనే కొలుతురు. ఇక వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలికి స్కేలుతో పనియే లేదు!

పద్ధతి సులభము. క్రొత్త లేయరు తెరచి, గుండ్రని గట్టి బ్రష్ తీసుకొని, ఎఫ్-5 నొక్కి స్పేసింగ్ 200 చేయవలెను. మొదట ఒకచోట క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టి చివర క్లిక్ చేసినచో తిన్నని వరుస వచ్చును. వంపు గీతకు పెన్ టూల్‌తో పాత్ గీచి, దానిని బ్రష్‌తో స్ట్రోక్ చేయవలెను. అంగుళమునకు 300 పిక్సెళ్ళ పత్రములో 12 పిక్సెళ్ళ చుక్క సుమారు ఒక మిల్లీమీటరు. పది సెంటీమీటర్ల గీతకు ఇంచుమించు యాభై చుక్కలు పట్టును. పిదప సాగదీసినచో చుక్కల అంచులు మసకబారును గనుక పత్రపు కొలతను ముందే నిశ్చయించుకొనవలెను. ఉచితముగా లభించు గింప్‌లోను స్పేసింగ్ కలదు.

ఉర్దూ, తెలుగు రెంటను పత్రములు అచ్చువేయు మనవంటి సంస్థలకు మరియొక చిక్కు కలదు. తెలుగు ఒత్తులు గీత క్రిందికి దిగును. ఉర్దూలో బే, పే, యే అక్షరముల భేదము క్రింది చుక్కలలోనే యున్నది. ఆ నుఖ్తాలు గీత చుక్కలలో కలసిపోయినచో పేరే మారిపోవచ్చును. అందుచే చుక్కను చిన్నదిగాను, రంగును లేత బూడిదగాను ఉంచి, వ్రాతకును గీతకును తగిన ఎడము విడువవలెను. అచ్చునకు పంపుటకు ముందు ఒక ప్రతి తీసి, దానిపై బషీర్ అని ఉర్దూలో వ్రాసి, మరియొకరిచే చదివించి చూడవలెను.