మావయ్య చేతిలో ‘జివ్వు’... మన చేతిలో ప్రాజెక్టు!

బీటెక్ ఈసీఈ అయిపోయి, ఉద్యోగం రాక తిరుగుతున్న రోజులవి. ఉద్దానంలో, కవిటి దగ్గరున్న మా మావయ్యను పలకరించడానికి వెళ్లా. కొబ్బరితోట రైతు. కిడ్నీలు పాడై డయాలసిస్‌లో ఉన్నాడు. ఎడమ చెయ్యి చాపి ‘ఏలెట్టి సూడొరే’ అన్నాడు. మణికట్టు పైన చర్మం కింద జివ్వుమంటోంది, వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్‌లా.

‘ఫిస్టులా అంటార్రా. ఈ సప్పుడు ఉన్నన్నాళ్లే నాను ఉంతాను.’

డయాలసిస్ మిషన్‌కు రక్తం వేగంగా అందాలి. మామూలు సిర అంత ఇవ్వలేదు. అందుకే చేతిలో ఓ ధమనిని సిరకు కలిపి కుడతారు. ధమని ధాటికి సిర కొన్ని వారాల్లో వెడల్పవుతుంది. మరి వెడల్పవ్వమని దానికి చెప్పేదెవరు?

చిన్న అణువు, పెద్ద పని

నైట్రిక్ ఆక్సైడ్. ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్, అంతే. రక్తనాళాల లోపలి పొర ఎండోథీలియం. రక్తం ఒరిపిడి పెరిగినప్పుడు అది ఎల్-ఆర్జినైన్ నుంచి ఈ వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండరాన్ని సడలిస్తుంది, నాళం విచ్చుకుంటుంది. కొన్ని సెకన్లలోనే వాయువు మాయం. మన భాషలో సెన్సర్, ట్రాన్స్‌మిటర్ రెండూ ఆ పొరే, యాక్చువేటర్ కండరం. ఈ సంగతి కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్య నోబెల్ వచ్చింది. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర చేసేదీ ఇదే పని.

సిగ్నల్ ఎక్కడ పోతోంది?

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, కీళ్లవాతం లాంటివాటిలో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఏళ్ల తరబడి రగులుతూ ఉంటుంది. అప్పుడు పుట్టే సూపర్ ఆక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది. పైగా కిడ్నీ బయటకు పంపాల్సిన ఏడీఎంఏ అనే పదార్థం పేరుకుని, తయారీనే అడ్డుకుంటుంది. నాళాలు బిరుసెక్కుతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. ఫిస్టులా సరిగా ఎదగకపోవడానికీ, సన్నబడి మూసుకుపోవడానికీ ఇదొక కారణం.

ఉద్దానం జబ్బుకు మూలం ఇదేనని కాదు. ఆ మూలం ఇంకా తేలలేదు. కిడ్నీ దెబ్బతిన్నాక రక్తనాళాల్లో జరిగే కథ ఇది. మావయ్య మొదటి ఫిస్టులా ఓ రాత్రి ఆగిపోయింది. తెల్లారేదాకా ఎవరం గమనించలేదు. రెండోది వేయాల్సి వచ్చింది.

మనకేం పని?

ఆ రాత్రి చప్పుడు ఆగిందని చెప్పే పరికరం ఉంటే? ఫిస్టులా సన్నబడితే దాని శబ్దంలో హై ఫ్రీక్వెన్సీ భాగం పెరుగుతుంది. మైక్, యాంప్లిఫయర్, ఎఫ్ఎఫ్‌టీ... మూడూ మన సిలబస్‌లోవే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి సబ్జెక్టు ఏముంటుంది? అయితే రోగులపై పరీక్షించే ముందు డాక్టర్ పర్యవేక్షణ, ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

దారులివీ:

- విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో 2018 నుంచి వైద్య పరికరాల తయారీ, టెస్టింగ్ జరుగుతున్నాయి. ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వాళ్లూ ప్రయత్నించొచ్చు.
- ఎంటెక్ చేయాలనుకుంటే గేట్‌లో బయోమెడికల్ పేపర్ 2020 నుంచి ఉంది.
- బైపీసీ చదివినవాళ్లకు డయాలసిస్ టెక్నాలజీ కోర్సులున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి.

ఇంటర్వ్యూలో ‘ఎఫ్ఎఫ్‌టీ వచ్చు’ అని అందరూ అంటారు. దాంతో ఏం విన్నారో చెప్పగలిగితే మీ మాట గుర్తుంటుంది.

మీ ఇంట్లో ఫిస్టులా ఉన్నవాళ్లుంటే రోజూ వేలుపెట్టి చూడమనండి. జివ్వుమనడం ఆగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూదులు గుచ్చనివ్వొద్దు.

అప్పట్లో ఫోన్ చేస్తే ‘ఉజ్జోగం ఒచ్చిందేట్రా?’ అని మావయ్యే ముందు అడిగేవాడు. ఇప్పుడు ముందు నేనే అడుగుతున్నా: ‘మావయ్యా, జివ్వుమంటోందా?’