బడి మానేది ఎందుకని?

మన అబ్బాయి క్లాసు ఎగ్గొట్టాడంటే ఏ సినిమాకో పోయాడనుకుంటాం. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళితే సంగతి వేరు. సంక్రాంతి దాటితే మిరప కోతలు, పరీక్షల వేళకు ఇప్పపువ్వు, ఎండలు ముదిరితే తునికాకు. ఇంట్లో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే. తల్లి పనికి పోతే చంటిబిడ్డను చూసుకునేది తొమ్మిదో తరగతి చదివే అక్కే! ఇంట్లో కోయ మాటలాడే పిల్లకు తెలుగు పాఠం వారం తప్పితే అందుకోవటం కష్టం. అందక సిగ్గు, ఆ సిగ్గుతో మళ్ళీ నాగా. 2009 నాటి విద్యాహక్కు చట్టం భరోసా 14 ఏళ్ళ దాకానే. హైస్కూలు చిక్కు ముదిరేదీ ఆ వయసులోనే. అక్కడైనా, మనింట్లోనైనా తిట్టేముందు ఒక్క మాట అడుగుదాం: “ఏ పాఠం అందలేదమ్మా?”